నాగుకిచ్చిన టమేటా

మా మామ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, మచ్చుకైనా ఒక్కటి చేయలేదు. పాకాలలో రైలు తప్పిపోతే రైలు తొందరపడినట్టు. పెళ్ళి భోజనానికి పోయి వేరేవాళ్ళ చెప్పులు వేసుకొస్తే, అదే రకం చెప్పులు కొన్నందుకు అవతలివాడిది తప్పు. కాణిపాకంలో గొడుగు మరిచి వచ్చినప్పుడు, "ఆడ వాన పడకపోతే గొడుగు ఎట్ల గుర్తుంటాది?" అని ఆకాశాన్నే నిలదీశాడు. ఇంట్లో మిగిలినవాళ్ళం మామూలు మనుషులం కాబట్టి మా తప్పులు మేం చేసుకుంటూ, ఆయన వంతువి కూడా మేమే పంచుకుంటూ కాలం గడిపాం.

మామ పేరు శ్రీనివాసులు. ఐరాల దగ్గర పల్లె మాది, బోరు కింద కాస్త మాగాణి, కాస్త మెట్ట. అత్త పేరు భారతమ్మ. మా ఆయన సునీల్‌కుమార్‌కు శ్రీహరికోటలో స్టోర్సులో ఉద్యోగం. అక్కడ రాకెట్టు ఎప్పుడు లేస్తుందో పేపరువాళ్ళు ముందే రాస్తారు గాని, ఆయన ఇంటికి ఎప్పుడొస్తాడో ఎవరూ రాయరు. క్వార్టర్సు వచ్చేదాకా నేను ఇక్కడే ఉండాలన్నారు. ఉన్నాను. తిరుపతిలో బోటనీ తీసుకుని బి.ఎస్సీ. చదివిన నేను, ఆ చదువును చాలాకాలం కరివేపాకు దూయడానికి వాడుకున్నాను.

ఇక టమేటా సంగతి.

అత్త కాపరానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఆమె కొంగున ముడివేసి పంపిన విత్తనాల్లో నాటు టమేటా ఒకటి. కాయ చిన్నది, గుమ్మడికాయకు ఉన్నట్టు గాడులుంటాయి. చూపుకు ఏమీ ఉండదు. పులుపు మాత్రం కణతల దాకా పాకుతుంది. పెరట్లో కంచె మీదికి ఎగబాకి, నీళ్ళు పోసినా పోయకపోయినా కాస్తూనే ఉండేది. ఆ కాయలతో అత్త పులుసు పెడితే, సంగటి ముద్ద ఇంకొకటి అడగనివాళ్ళు మా ఇంట్లో లేరు. తప్పు చేయని మనిషితో సహా.

ప్రతి ఏడూ బాగా పండిన కాయలు కొన్ని అత్త పక్కన పెట్టేది. గింజలు పిండి, బూడిదా పేడా కలిపి, వంటింటి వెనక గోడకు పిడకలుగా చరిచేది. ఎండాక అవి అక్కడే ఉంటాయి. నాటే కాలానికి ఒక పిడక పీకి నలిపితే సరి. తెలియనివాళ్ళు చూస్తే అది పేడ. అత్తకు అది బీరువా.

అత్త పుట్టింటి ఆడవాళ్ళకు విత్తనం దగ్గర ఒక పద్ధతి ఉంది. విత్తనాన్ని అమ్మరు, అడిగితే లేదనరు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక దాన్నే, తీసుకున్నదానికన్నా కాస్త ఎక్కువే, తిరిగి తెచ్చివ్వాలి. నాగుకివ్వడం అంటారు దాన్ని. అంతవరకు అందరికీ తెలిసిందే. అయితే వాళ్ళకు ఇంకొక పట్టింపుంది. అడగవచ్చినవాళ్ళు తమ ఇంటి విత్తనం ఎలా పోయిందో నోరు తెరిచి చెప్పాలి. చెప్పేదాకా చేట కదలదు.

"పాపం, అడగడమే కష్టం, పైన ఈ సిగ్గుపెట్టడం ఎందుకత్తా?" అన్నాను ఒకసారి.

"సిగ్గేముండాది దాంట్లో? వాళ్ళింట్లో ఎలకలు పడినాయంటే రేపు మనింటికీ వస్తాయి. చెమ్మ తగిలిందంటే మనమూ మన గోడ సూసుకోవల్ల. పోయిందాని సంగతి తెలిస్తేనే గదమ్మా ఉండేది నిలిచేది."

చదువుకున్నదాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను.

మా చేలో పనికి వచ్చే సంతోషమ్మ కూడా అలాగే ఒకసారి వచ్చి పెరట్లో నిలబడింది. వాగు అవతల చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. "కోడి గీరేసిందమ్మా. గంప మూసేది మరిసిపోయినా, నాదే తప్పు" అంది. అత్త ఒక పిడక పీకి ఆమె ఒడిలో వేసింది. మరుసటి ఏడు సంతోషమ్మ పెద్ద పిడకే తెచ్చి ఇచ్చింది. "నాదే తప్పు" అన్న మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావచ్చని మా మామ విన్నాడో లేదో తెలియదు. అప్పుడు ఆయన పేపరు చదువుతున్నాడు.

ఆ తర్వాతి ఏడు, రెండువేల మూడులో, కంపెనీ వచ్చింది.

కంపెనీ తరఫున ఏకాంబరం అనే సూపర్‌వైజరు మోటారుసైకిలు మీద వచ్చాడు. తమిళనాడు సరిహద్దు పక్క మనిషి. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉంది. దాని తల్లి కంపెనీ సముద్రాల అవతల. ఆ తల్లిని ఇంకో పెద్ద కంపెనీ కొనేసిందట. ఆ పెద్దదే పురుగుమందులు కూడా తయారుచేస్తుందట. రోగం అమ్మేవాళ్ళూ మందు అమ్మేవాళ్ళూ ఒకే పందిట్లో కూర్చున్నట్టుంది అన్నాను. "పెద్ద కుటుంబం మ్మా, మంచి కుటుంబం" అన్నాడు ఏకాంబరం, సంబంధం చెప్పవచ్చిన పేరయ్యలా.

నిజానికి అది పెళ్ళిళ్ళ పనే. కంపెనీ ఆడ మొక్కలు ఒక రకం, మగ మొక్కలు ఒక రకం ఇస్తుంది. సాయంత్రం పూట సంతోషమ్మ వంటి ఆడవాళ్ళు చిన్న పట్టకారుతో ఆడ మొక్కల మొగ్గలు విప్పి, వాటి సొంత పుప్పొడి తీసేస్తారు. మరునాడు పొద్దున్నే మగ పువ్వుల పుప్పొడి తెచ్చి అద్దుతారు. క్రాసింగు పని అంటారు. అలా కాసిన కాయల్లోని గింజే హైబ్రిడ్ విత్తనం. మగ మొక్కల ఊరూ పేరూ మాత్రం కంపెనీ చెప్పదు. సంచి మీద ఒక అంకె ఉంటుంది, అంతే.

"పిల్లోడు యాడోడో తెలియకుండా ఇన్ని పెండ్లిండ్లు సేసింది ఈ జిల్లాలో నేనొక్కదాన్నేనమ్మా" అనేది సంతోషమ్మ నవ్వుతూ.

పండిన విత్తనమంతా, ఆఖరి గింజ దాకా, కంపెనీకే. అది బెంగళూరు పోయి, అక్కడి నుంచి దేశాలు తిరిగి, రంగురంగుల ప్యాకెట్లో ఐరాల అంగడికి వస్తుంది. ఆ ప్యాకెట్టు విత్తనం వేసి పండించిన కాయలోంచి మళ్ళీ గింజ తీసి నాటితే, వచ్చే మొక్కలు ఒకదాని పోలిక ఇంకొకదానికి ఉండదు. అందుకే ప్రతి పంటకూ కొత్త ప్యాకెట్టు కొనాలి. అప్పటికి కొన్నేళ్ళ కిందట మొలకెత్తకుండానే చచ్చే విత్తనాలొస్తాయని పేపర్లలో గగ్గోలు పుట్టింది గుర్తుందా? ఇంత మర్యాదగా పని జరుగుతుంటే ఆ చంపడం కూడా ఎందుకనిపించింది నాకు.

మామకు మాత్రం ఏకాంబరం చెప్పిన ఒక్క మాట గుండెకు తగిలింది: "మీ సేని విత్తనం ఏరోప్లేన్ ఎక్కుతాది పెద్దాయనా." మా వంశంలో ఇంతవరకూ ఏరోప్లేన్ ఎక్కినవాళ్ళు లేరు.

మొక్కలు నాటిన వారానికి ఏకాంబరం మా పెరట్లోకి తొంగిచూశాడు. "అయ్యో, ఈ నాటు టమేటా ఉండకూడదు మ్మా. తీసెయ్యల్ల."

"నా సెట్లు ఏం సేసినాయప్పా?" అంది అత్త.

"మీ సెట్టు పుప్పొడి మా సెట్టు మీద పడితే మా విత్తనం కెట్టుపోతాది."

"మీ సెట్టు పుప్పొడి నా సెట్టు మీద పడితే?"

ఏకాంబరం ఆలోచించాడు. మంచివాడు, నిజంగానే ఆలోచించాడు. "దానికి రూలు లేదు మ్మా" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా మామ కంచె మీది తీగలన్నీ పీకి దిబ్బలో వేశాడు. అత్తకు గోడ మీద పిడకలున్నాయి కదా అనే ధైర్యం.

చేను బాగా వచ్చింది. కంపెనీ పెద్దవాళ్ళు చూడవస్తున్నారని కబురందింది, వాళ్ళలో ఒక దొర కూడా ఉన్నాడట. ఆ కబురు వచ్చిన రోజు నేనూ అత్తా ఆమె కళ్ళు చూపించడానికి చిత్తూరు పోయి ఉన్నాం. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా సున్నం వాసన. మామ మమ్మల్ని చేయి పట్టుకున్నంత పని చేసి వంటింటి వెనక్కు తీసుకుపోయాడు.

గోడ తెల్లగా ఉంది. కొబ్బరి ముక్కంత తెల్లగా ఉంది. ఒక్క పిడక లేదు.

"దొర వస్తాండాడు. గోడకు పేడ ఉంటే ఏం బాగుంటాది? గీకించేసినా. ఎంత తెల్లగా ఉండాదో సూడు" అన్నాడు.

"దాంట్లో విత్తనం ఉండాది" అంది అత్త.

"గింజలకేమే, అంగట్లో ప్యాకెట్లు వేలాడతాండాయి."

"గీకింది యాడ ఏసినారు?"

దిబ్బలో వేసి, దిబ్బను చేలోకి తోలేశారు. అత్త గోడను కాసేపు చూసింది. చిత్తూరులో డాక్టరు వేసిన చుక్కల మందుకు ఆమె కళ్ళు అప్పటికే నీళ్ళు కారుతున్నాయి కాబట్టి, ఏ నీళ్ళు దేనివో నేను చెప్పలేను. "ఊ, తెల్లగానే ఉండాది" అని లోపలికి పోయింది.

కంచె మీది తీగలు పీకిన నాటి నుంచే మా ఇంట్లో టమేటా పులుసు లేదు. మరునాడు మామ అంగడి నుంచి ఎర్రగా నున్నగా మెరిసే టమేటాలు తెచ్చాడు. అత్త వాటితో పులుసు పెట్టి వడ్డించింది. మామ ఒక ముద్ద తిని, "ఉప్పు సరిపోలా" అన్నాడు. ఉప్పు సరిపోయింది. సరిపోనిదేదో ఆయనకూ తెలుసు.

దొర వచ్చాడు, తెల్ల గోడ ముందు మామతో ఫోటో దిగాడు, పోయాడు. వాళ్ళతో ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది. తిరుపతి వ్యవసాయ కాలేజీలో చదివి కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. మంచినీళ్ళు తాగుతూ, "పెద్దాయనా, మీ ఇంట్లో పాతకాలం నాటు రకాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"అట్లాంటి సెత్త మా ఇంట్లో లేదమ్మా" అన్నాడు మామ గర్వంగా. ఆ మాట మాత్రం నిజమే, రెండు రోజులుగా.

ఆ పంట చేతికొచ్చింది. గర్వం ఇంకా ఎక్కువ వచ్చింది. మామ మెట్ట చేనుకు కూడా అంగట్లో ప్యాకెట్లు కొనుక్కొచ్చాడు. అత్త ఒక ప్యాకెట్టు తిప్పి చూసి, "ఇది మన సంతోషమ్మ సేతి పనే గదా. మన సేన్లో పుట్టిందాన్ని మనమే కొనుక్కొస్తిమా?" అంది.

"అది వేరే. ఇది ప్యాకెట్లో ఉండాది" అన్నాడు మామ. ప్రపంచ వ్యాపారం గురించి ఇంతకంటే పొట్టిగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

మరుసటి ఏడు తెల్లదోమ వచ్చింది. చిటికెడు పురుగు, మొక్కను కదిపితే పిండి ఎగిరినట్టు లేస్తుంది. దాని వెనకే ఆకుముడత తెగులు. కంపెనీ చేను, ప్యాకెట్టు చేను, రెండింటిలోనూ ఆకులు నూనెలో వేసిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. పూత రాలింది. అదే పెద్ద కుటుంబం అమ్మే మందు తెచ్చి కొట్టారు. దోమలు ఒక పూట పక్క చేనికి విందుకు పోయి, మళ్ళీ వచ్చాయి. ఏకాంబరం మోటారుసైకిలు చప్పుడు వినబడడం మానేసింది. మామ పొద్దున లేచి చేను గట్టు మీద నిలబడి వచ్చేవాడు. తప్పు మొదట గాలిది, తర్వాత పక్క ఊరివాళ్ళది, తర్వాత మందు అమ్మినవాడిది. రానురాను ఆయన ఎవరి పేరూ చెప్పడం మానేశాడు. నాకు భయం వేసింది అప్పుడే.

డిసెంబరులో జీపు వచ్చింది. ప్రశాంతి ఒక్కతే దిగింది. చేను చూసి వచ్చి వసారాలో కూర్చుంది.

"పెద్దమ్మా, ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతున్నాను. పాత నాటు టమేటాల్లో కొన్నిటికి ఈ తెగులు తట్టుకునే గుణం ఉంటుంది. ఈ వైపు గాడుల కాయ ఒకటి ఉండేదట. ఎక్కడైనా చూశారా?"

మామ దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఉంటే ఏం సేస్తావమ్మా?" అంది అత్త.

"ల్యాబులో ఆ గుణం ఏ జన్యువులో ఉందో వెతుకుతాం. దొరికితే దాన్ని మా రకంలోకి తెస్తాం."

జన్యువంటే ఏమిటని అత్త నా వైపు చూసింది. "అమ్మమ్మ ముక్కు మనవరాలికి రావడం లేదా అత్తా, ఆ వచ్చేదాన్ని మోసుకొచ్చేది" అన్నాను. నా డిగ్రీ మొదటిసారి కరివేపాకు దాటింది.

"తెచ్చినాంక?" అంది అత్త ప్రశాంతితో.

"అమ్ముతాం."

"ఎవురికి?"

"రైతులకు."

"మాకా?"

ప్రశాంతి తల దించుకుంది. "మీక్కూడా. విత్తనమిస్తే కంపెనీ మంచి ధరే ఇస్తుంది పెద్దమ్మా."

"విత్తనం అమ్మేది లేదు. కావల్నంటే నాగుకిస్తాను. పండినాంక నాది నాకు తెచ్చియ్యల్ల. దాంట్లోంచి మీరేం పుట్టించినా దాంట్లోనూ పిడికెడు తెచ్చియ్యల్ల. మేము నాటుకుంటాము, అడిగినోళ్ళకు ఇస్తాము."

"కంపెనీ ఒప్పుకోదు. పుట్టిందంతా కంపెనీదే అవుతుంది. నేను సంతకం చేసిన కాగితం కూడా అదే."

"ఆడబిడ్డను మీ ఇంటికి పంపిస్తే, మనవణ్ణి సూసేదానికి మేము టిక్కెట్టు కొనుక్కోవల్లనా?"

ప్రశాంతికి నవ్వాగలేదు. జీపు డ్రైవరు టీ కోసం అంగడి వైపు పోవడం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇప్పుడు కంపెనీ మనిషిగా కాదు, ఐరాల బస్సులో తిరిగి చదువుకున్న పిల్లగా చెబుతాను. ఈమధ్యే చట్టం వచ్చింది. రైతు తన విత్తనం దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. పాత రకాన్ని ఊరి పేరున రాయించుకునే ఏర్పాటు కూడా చేస్తున్నారు. నాకిచ్చే ముందు ఆ పని చేయండి. తిరుపతి కాలేజీలో మా సారున్నారు. ఆయనకు నాగుకివ్వండి, ఆయన పరీక్షించి మీది మీకు తెచ్చిస్తారు. అది మీదని కాగితం మీద పడ్డాక మా కంపెనీ వస్తుంది. అప్పుడు మనవడి సంగతి మీరు కూర్చుని మాట్లాడండి."

"నీ ఉద్యోగానికి ఏం కాదు గదా?" అంది అత్త.

"నేనేం చెప్పాను? మంచినీళ్ళు తాగానంతే. కానీ పెద్దమ్మా, ముందు విత్తనం ఉండాలి కదా."

మా ఇంటివాళ్ళం ముగ్గురం గోడ ఉన్న వైపు చూశాం. వసారాలోంచి అది కనబడదు. అయినా చూశాం.

"సంతోషమ్మ కాడ ఉండాది" అంది అత్త.

నేను తుళ్ళిపడ్డాను. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమత్తా?"

"ఎవురడిగినారు?"

ఏడాదిగా పులుసు లేకుండా సంగటి తింటూ, విత్తనం వాగు అవతల భద్రంగా ఉందని తెలిసి, ఎవరో నోరు తెరిచి అడుగుతారని కాచుకుని కూర్చున్న మనిషిని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. నేనేదో ఇంట్లో గడుసుదాన్నని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

మామ నా వైపు చేయి చూపించాడు. "సరే, పసన్నను పంపియ్. పోయి తెస్తాది."

"పసన్న పోగొట్టలేదు. పోగొట్టినోళ్ళే పోవల్ల, పోయిన సంగతి సెప్పి అడగవల్ల."

మరునాడు పొద్దున మామ ఉతికిన పంచె కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరాడు. సాక్ష్యానికి అత్త, తోడుకు నేను. వాగు దాటాం. సంతోషమ్మను పనికి పిలవాలంటే మామ ఎప్పుడూ వాగు ఇవతల నుంచే కేక వేసేవాడు. ఆ కేక దాటి ఆయన అడుగు వేయడం మా ఎవరికీ గుర్తులేదు.

దూరం నుంచే కంచె కనబడింది. అత్త ఆగిపోయింది. ఊరూరా టమేటా ముడుచుకున్న ఆ ఏడాది, సంతోషమ్మ కంచె మీద గాడుల కాయలు, పచ్చవీ దోరవీ ఎర్రవీ, వాటి మధ్య పసుప్పచ్చని పూత. కొన్ని ఆకులు ముడుచుకున్నాయి, లేదనను. అయినా కాస్తోంది. అత్త ఒక కాయ చేతిలోకి తీసుకుని, కోయకుండానే మళ్ళీ వదిలింది.

సంతోషమ్మ మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీ తెచ్చి ఇంటి మూల దగ్గర వేసింది. క్రిస్మసు దగ్గర పడింది, ఇంటికి సున్నం కొడుతున్నారు. ముందు గోడ అప్పటికే తెల్లబడింది. వాకిట్లో బానలో సున్నం నానుతోంది. ఆమె భర్త మునెయ్య ఎక్కడో వెనకవైపు గోడ గీకుతున్నట్టుంది, గర్రు గర్రుమని వినబడుతోంది.

మామ కుర్చీ చూసి, మమ్మల్ని చూసి, కూర్చున్నాడు.

"ఆ కంచె మీది టమేటా... విత్తనం కావల్ల సంతోషమ్మా" అన్నాడు. "నాగుకు."

"మా బాగ్గెం పెద్దాయనా. మీ ఇంటిదే గదా అది. లేదంటానా?" అని, ఆమె కొంగు సర్దుకుని అత్త వైపు ఒకసారి చూసింది. "అయితే మీ విత్తనం ఎట్ల పోయిందో సెప్పల్ల. అమ్మ కాడ నేనూ సెప్పుకునే తెచ్చుకుంటిని."

"వానకు పోయింది."

"వానకా? పోయినేడు వానలే లేవే."

"అంటే... సున్నం కొట్టేవాడు గీకేసినాడు."

"వాడంతట వాడే వచ్చి గీకినాడా?"

అత్త తాపీగా కంచె చూస్తోంది. వెనక గర్రు గర్రుమని చప్పుడు మూల వైపు దగ్గరవుతోంది.

"ఆ ఏకాంబరం రూలని సెప్పె. కంపెనీవోళ్ళు దొర వస్తాడనిరి. కాలం అట్లాంటిది సంతోషమ్మా, అప్పుడు అందరూ..."

"అందరూ సరేలే పెద్దాయనా," అంది సంతోషమ్మ మెత్తగానే. "నేను మా విత్తనాన్ని దేని నుంచి కాపాడుకోవల్లో అది సెప్పండి. వాన నుంచా, దొర నుంచా?"

మామ పక్కకు చూశాడు. ఆయన కూర్చున్న చోటి నుంచి ఇంటి పక్క గోడ కనబడుతుంది. మాకు కనబడదు. ఆయన ముఖం మారిపోవడం మాత్రం కనబడింది.

లేచిన ఊపుకు కుర్చీ వెనక్కు పడింది. తువ్వాలు వాకిట్లోనే జారిపోయింది. ఆ వయసులో ఆయన పరుగెత్తగలడని నాకు తెలియదు. మేం మూల తిరిగేసరికి మునెయ్య రేకు ముక్క పట్టుకుని బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. అతనికీ గోడకూ మధ్య మామ, రెండు చేతులూ చాచి, వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు. ఆయన భుజం పక్కన వరసగా పేడ పిడకలు. ఆఖరు దాని అంచు అప్పటికే కాస్త రాలింది.

"గీకొద్దు మునెయ్యా! పేడ కాదబ్బా అది, విత్తనం! నేనూ ఇట్లనే... వాన లేదు, దొర లేదు, ఏకాంబరమూ కాదు. గోడ తెల్లగా కనపడల్లని నేనే గీకించినా. దాంట్లో విత్తనం ఉండాదని మా ఇంటామె సెప్తే, అంగట్లో దొరకదా అన్నా. తప్పు నాది."

మునెయ్య రేకు కింద పెట్టాడు. సంతోషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త నెమ్మదిగా ముందుకు వచ్చింది.

"ఏమంటివి? ఆ గీకుడు సప్పుడుకు సరిగా వినబడలా" అంది.

చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. మామకూ తెలుసు. ఉతికిన చొక్కా వీపునిండా పేడ పొడి అంటుకుని, ఆయన గోడను వదలకుండానే ఆమె ముఖంలోకి చూశాడు.

"తప్పు నాదే అంటాండా," అన్నాడు గట్టిగా, వాగు అవతలికి కేకేసినట్టు. "నాదే భారతీ."